రైలు రాని ఊరు

నికోడెమస్ అనే ఊరు నిలవలేదు. ఆ సంగతి తెలిసి కూర్చుని ఈ కథ చెప్పుకుంటుంటే, ఆ ఊరివాళ్లు పండించిన ప్రతి పంటా గుండెను కలుక్కుమనిపిస్తుంది.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీ. సొలోమన్ నది దక్షిణపాయకు ఉత్తరాన చెట్టు నీడ లేని గడ్డిమైదానం. 1877లో అక్కడికి వచ్చినవాళ్లు నల్లజాతి వాళ్లు. చాలామంది కెంటకీలో ఒకరి సొత్తుగా పుట్టినవాళ్లు. బానిసత్వం రద్దయి అప్పటికి 12 ఏళ్లు. 160 ఎకరాల సర్కారు భూమిలో అయిదేళ్లు కాపురముండి సాగుచేస్తే అది సొంతమవుతుందని చట్టం. తరతరాలుగా ఒకరి నేలను దున్నినవాళ్లకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది! ఆ ఊరు కట్టడానికి ఏర్పడిన కంపెనీ వాళ్లు పంచిన కరపత్రాలు ఆ నేలను ఆకాశానికెత్తాయి. ఆ సెప్టెంబరులో 300 మందికి పైగా కదిలి వచ్చారు.

రైలు ఎల్లిస్ దాకానే. అక్కడినుంచి 35 మైళ్లు. మరుసటి వసంతంలో వచ్చిన గుంపులో విలియానా హిక్‌మన్ అనే ఇల్లాలు ఉంది. ఎల్లిస్‌లో తట్టు సోకి కొందరు పసివాళ్లు కన్నుమూశారు. వాళ్లను అక్కడే మట్టిలో కలిపి, మిగిలిన పిల్లలను పొదువుకుని ముందుకు నడిచారు. దారి లేదు, దిక్సూచి చూసుకుంటూ పోవడమే. చివరికి ఊరొచ్చిందని భర్త కేకేస్తే, ఆమె ఎంత కళ్లు చించుకున్నా ఒక్క ఇల్లూ కనబడలేదు. ఆయన వేలు చూపించిన చోట నేలలోంచి పొగ లేస్తోంది. గట్టును తొలిచి, పైన కప్పేసుకున్న గుంతల్లో జనం కాపురముంటున్నారు. ఆ పొగే ఊరు. ఆమె ఏడ్చింది. ఏడవకుండా ఎవరుండగలరు?

వచ్చినవాళ్లలో చాలామంది వెనుదిరిగారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నిలిచినవాళ్లు పారలతో, గునపాలతో ఆ గడ్డినేలను పెళ్లగించారు. గుర్రాలు ఊరంతటికీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గడ్డివేళ్లు అల్లుకుపోయిన ఆ పెళ్లలు ఎంత గట్టివంటే, వాటినే ఇటుకల్లా పేర్చి గోడలు లేపుకున్నారు. మొదటి చలికాలం వేటనుంచి తిరిగివస్తున్న ఓసేజ్ తెగవాళ్లు తమ మాంసంలో వాటా పెట్టి ప్రాణాలు నిలిపారని ఆ కుటుంబాల వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సొంత నేల పోగొట్టుకున్నవాళ్లు కొత్తగా నేల వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు పెట్టిన తిండి అది.

తర్వాత మంచిరోజులు వచ్చాయి. గోధుమ పండింది, మొక్కజొన్న పండింది. బడి వచ్చింది, చర్చీలు లేచాయి, హోటలు వెలిసింది, రెండు పత్రికలు అచ్చయ్యాయి. ఆ ఊరినుంచి పైకి వచ్చిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882 ఎన్నికల్లో గెలిచి రాష్ట్ర ఆడిటర్ అయ్యాడు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్లయినా నిండలేదు. ఇంత త్వరగా ఇంత ఎత్తు! ఇక్కడే ఆగిపోవాలనిపిస్తుంది నాకు, ఇంకో పుట తిప్పకుండా.

ఇక కావలసింది రైలు ఒక్కటే. పట్టాలు ఎటు వంగితే ఊళ్ల రాత అటు వంగిన కాలమది. 1887లో మిస్సోరి పసిఫిక్ రైలు తెప్పించుకోవడానికి 16,000 డాలర్ల బాండ్లకు ఊరివాళ్లు ఓటు వేశారు. మట్టి గుంతల్లో చలికాలాలు గడిపినవాళ్లు, అప్పుచేసైనా పిల్లల రేపటిని కొనుక్కోవాలనుకున్నారు. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వచ్చింది, కాని ఏటికి అవతలి ఒడ్డున, దాదాపు 6 మైళ్ల దూరంలో. పట్టాల పక్కన బోగ్ అనే కొత్త ఊరు లేచింది. ఆ కాస్త దూరం ఆ పట్టాలు ఇటు జరిగి ఉంటే? రెండు కంపెనీల్లో ఏ ఒక్కటి మనసు పెట్టినా?

దుకాణాలు ఒక్కొక్కటే ఏరు దాటాయి. కొన్ని కట్టడాలను ఊడదీసి అటే తరలించారు. పత్రికలు ఆగిపోయాయి. మెక్‌కేబ్ ఓక్లహోమాకు వెళ్లి, అక్కడ లాంగ్‌స్టన్ అనే మరో నల్లజాతి ఊరికి పునాది వేశాడు. అంతటి మనిషి ఇక్కడే ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

రైతులు మాత్రం కదల్లేదు. దుకాణాన్ని బండిమీద వేసుకుపోవచ్చు, 160 ఎకరాలను ఎలా తీసుకుపోతారు? అందుకే నాకు వాళ్లమీద ఇంత బెంగ. ఊరు ఖాళీ అవుతున్నా వాళ్లు మరో నలభై ఏళ్లు దున్నుతూనే ఉన్నారు. 1930లలో వానలు మొహం చాటేశాయి, దుమ్ము తుపానులు లేచాయి, ధరలు పడిపోయాయి. తాతలు పారతో పెళ్లగించిన నేల గాలిలో కలిసి మనవల కళ్లలో పడింది. 1950 నాటికి ఊళ్లో మిగిలింది 16 మంది. 1953లో తపాలా ఆఫీసూ మూసేశారు.

1996లో ప్రభుత్వం నికోడెమస్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. 1939లో సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు ఇంకా నిలిచే ఉంది. ఏటా జులై చివర ఆ కుటుంబాల వారసులు దూరదూరాల నుంచి వస్తారు. పొయ్యిలు వెలిగించి, కలిసి భోంచేసి, పిల్లలకు ఎవరి తాత ఎక్కడ దున్నాడో చెబుతారు. కొన్ని పొలాలు ఇప్పటికీ ఆ ఇంటిపేర్ల మీదే ఉన్నాయి.