రంగు పట్టిస్తేనే కనబడేది

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు రాత్రికి రాత్రి పుట్టుకొచ్చేది కాదు. పేగు లోపలి పొర మీద అడినోమా అనే చిన్న పిలకగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఆలోగా కొలనోస్కోపీలో చూసి తీసేస్తే జబ్బు మొదలవకముందే ఆగిపోతుంది. 1969లో న్యూయార్క్‌లో వోల్ఫ్, షిన్యా అనే వైద్యులు కడుపు కోయకుండానే, గొట్టం గుండా పంపిన తీగ ఉచ్చుతో పిలకను తీసి చూపించారు. అప్పటినుంచి తీయడం కంటే చూడడమే పెద్ద సమస్యగా మిగిలింది. కాడతో వేలాడే పిలక ఎవరి కంటికైనా ఆనుతుంది. చుట్టూ ఉన్న పొర రంగులోనే కలిసిపోయి చదునుగా పరుచుకున్నది అనుభవజ్ఞుణ్ణి కూడా ఏమారుస్తుంది. ఆ తర్వాత ఈ రంగంలో వచ్చిన చూపు సాధనాల్లో చాలావరకు ఈ లోటు తీర్చడానికి పుట్టినవే. ఆ చరిత్రను యంత్రాల చరిత్రగా కాక రంగుల చరిత్రగా చదవాలని, అలా చదివితే ఇవాళ కృష్ణా డెల్టాలో ఏ పని ముందు చేయాలో తెలుస్తుందని నా వాదన.

రంగుల చరిత్ర అంటే బందరును, అంటే మచిలీపట్నాన్ని, దాటి వెళ్లలేం. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నం రేవులో దిగింది ప్రధానంగా బట్టల కోసమే. ఉతికినా వెలవని అద్దకం ఈ తీరం ప్రత్యేకత. దాని వెనక ఉన్న పని బందరు దగ్గరి పెడనలో ఇప్పటికీ కనిపిస్తుంది. నూలుబట్టలోని గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో నల్ల గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు. పటికకు సొంత రంగు లేదు. అద్దిన చోటు వేరుగా తెలియదు కూడా. బట్టను రంగు కాగులో వేసి ఉడికించినప్పుడే పటిక తగిలిన దారాలు ఎరుపెక్కుతాయి, తగలని చోట రంగు నిలవదు. పూర్వం ఆ కాగులో చిరివేరు అనే మొక్క వేరు ఉండేది. కృష్ణ సముద్రంలో కలిసే చోటి ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకు ఆనాటి వర్తకుల్లో మంచి పేరుండేది. బట్టలో అంతకుముందే ఉన్న తేడాను కంటికి చూపడమే ఆ కాగు పని.

ఈ పనితనం యూరప్‌కు కాగితాల మీద వెళ్లింది. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన జెస్యూట్ ఫాదర్ కూర్దూ 1742లో ఈ తీరపు అద్దకం పద్ధతిని ఉత్తరంగా రాసి పంపాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడటం మొదలైన తన గ్రంథంలో చిరివేరు అద్దకాన్ని వర్ణించాడు. తర్వాతి శతాబ్దంలో అద్దకం రసాయనశాస్త్రంగా ఎదిగింది, దాని వెంటే వైద్యంలో కణజాలానికి రంగు పట్టించడమూ ఎదిగింది. 1865లో బోమర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మధ్య అమెరికా చెట్టు చెక్కలోంచి తీసిన హిమటాక్సిలిన్‌కు పటిక జోడించి కణజాలానికి రంగు వేశాడు. పిలక ముక్కను ల్యాబుకు పంపితే పాథాలజిస్టు అడినోమా అవునో కాదో తేల్చేది నేటికీ ప్రధానంగా ఆ జాతి రంగుతోనే. ఇక పేగు లోపలే రంగు చల్లి చూడడాన్ని 1970లలో జపాన్ వైద్యులు వ్యాప్తిలోకి తెచ్చారు. వాళ్లు వాడిన ఇండిగో కార్మైన్ నీలిమందు వంశానిదే. అది పొరలోకి ఇంకదు. సన్నని గాళ్లలో నిలిచి మిట్టపల్లాలను విడదీసి చూపుతుంది. దానితో చదును పిలకల అంచులు తేలాయి.

ఇది ఊరి మీద అభిమానంతో అల్లిన చుట్టరికమని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరంలో సగం నిజముంది. ఉన్నికి పటికతో రంగు పట్టించడం యూరప్‌కు ముందే తెలుసు. నీలిమందును ఇండిగో కార్మైన్‌గా మార్చే దారి 18వ శతాబ్దంలో జర్మనీలో దొరికింది. బందరు అద్దకందారు ఏ రోగాన్నీ వెతకలేదు. కాబట్టి కొలనోస్కోపీ మన సొత్తని అనడం లేదు. ఒకే కాగులోంచి వేర్వేరు చోట్ల వేర్వేరు రంగులు తెప్పించవచ్చని, ఏ రంగు ఎక్కడ నిలుస్తుందో ముందు చేసిన తయారీ నిర్ణయిస్తుందని నూలుబట్ట మీద ప్రపంచానికి చాటినవాళ్లలో వీళ్లు ముందువరసలో ఉన్నారని మాత్రమే అంటున్నాను. ఆ సూత్రం వైద్యంలోనూ చెల్లింది.

రంగు నీళ్లు చల్లడం ఆలస్యమయ్యే పని కాబట్టి తర్వాతి తరం వెలుగునే మార్చింది. నారో బ్యాండ్ ఇమేజింగ్ 415, 540 నానోమీటర్ల దగ్గరి నీలి, ఆకుపచ్చ కాంతినే పంపుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుంటుంది కనుక పిలక మీది రక్తనాళాలు ముదురుగా కనిపిస్తాయి. ఆ తర్వాత తెర మీద అనుమానపు చోటు చుట్టూ గడి గీసి చూపే కృత్రిమ మేధ వచ్చింది. 2019లో చైనాలో జరిగిన అధ్యయనంలో అడినోమా దొరికినవారి శాతం దానివల్ల 20.3 నుంచి 29.1కి పెరిగింది. ఇది చిన్న లాభం కాదు, అయితే అదనంగా దొరికినవాటిలో ఎక్కువ భాగం బుల్లి పిలకలే. మరో పక్క, ఏ కొత్త యంత్రమూ లేకుండా గొట్టాన్ని వెనక్కి తీసే సమయాన్ని మాత్రమే లెక్కించిన 2006 నాటి అమెరికా అధ్యయనం ఉంది. సగటున ఆరు నిమిషాలకు తక్కువ చూసిన వైద్యులకు 11.8 శాతం మందిలో, ఆరు నిమిషాలు, ఆపైన చూసినవారికి 28.3 శాతం మందిలో అడినోమాలు దొరికాయి. 2025లో పోలండ్ నుంచి వచ్చిన పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. కృత్రిమ మేధకు అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఈ శాతం 28.4 నుంచి 22.4కు పడిపోయింది. యంత్రం వద్దని దీని అర్థం కాదు. కన్ను మొద్దుబారితే యంత్రం ఇచ్చింది ఇంకో చోట పోతుందని అర్థం. వీటన్నిటికీ ముందు పేగు శుభ్రంగా ఉండాలి. గంజి పోని బట్టకు పటిక పట్టనట్టే, మలం మిగిలిన పేగులో ఏ వెలుగూ పనిచేయదు.

మన దగ్గర పేగు క్యాన్సర్ పాశ్చాత్య దేశాలంత లేదు, ఇదంతా ఎందుకన్నది మరో ప్రశ్న. జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరిమితమైందీ అందుకే. ఊరందరికీ కొలనోస్కోపీ చేయమని నేనూ అనను. మలంలో నెత్తురు పడితే మూలశంక అనుకుని నెలల తరబడి ఆకుమందు వాడేవారికి, ఇంట్లో ఈ జబ్బు వచ్చినవారికి మాత్రం పరీక్ష ఆలస్యం కాకూడదు. దివిసీమలోని నాగాయలంక, కోడూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు హైదరాబాదు దూరం. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ, గుడివాడలో ఈ సేవ ఎదగాలంటే ఖరీదైన తెర కంటే ముందు మూడు పనులు కావాలి. పేగు శుభ్రం చేసుకునే మందు ఎలా తాగాలో ఆశావర్కరు ఇంటికెళ్లి తెలుగులో విడమరిచి చెప్పాలి. పరీక్ష చేసే డాక్టరుకు తొందరపడకుండా చూసే వ్యవధి ఇవ్వాలి. ఎవరికి ఎంతమందిలో అడినోమా దొరుకుతోందో ఆసుపత్రి లెక్క రాసి బయటపెట్టాలి. ఈ మూడూ కుదిరాక కొనే యంత్రం పెట్టిన డబ్బుకు తగిన ఫలితమిస్తుంది. ఇవి లేకుండా కొన్నది చదును పిలకను చూడక వదిలేస్తూనే ఉంటుంది, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది దివిసీమ నుంచి బస్సెక్కి వచ్చిన రోగే.