జనం పేరూ, ఆటగాడి పేరూ

బుడాపెస్ట్ నగరంలోని ఫుట్‌బాల్ స్టేడియానికి 1953లో పెట్టిన పేరు నేప్‌ష్టాదియోన్. ‘నేప్’ అంటే జనం. మన మాటల్లో ప్రజా స్టేడియం. సంస్థలకూ పత్రికలకూ ‘ప్రజా’ అన్న మాట తగిలించుకునే అలవాటున్న మనం ఈ పేరు కథను కాస్త ఓపికగా చూడవలసి ఉంది.

నిర్మాణం 1948లో మొదలైంది. సైనికులూ, స్వచ్ఛంద కార్యకర్తలూ పెద్ద సంఖ్యలో శ్రమించారు. కనుక ఆ పేరు ఉత్త బూటకమని కొట్టిపారేయడం చరిత్ర కాదు. ఆ స్వచ్ఛందంలో ఇష్టమెంత, రాకోషీ పాలనలోని భయమెంత అన్న ప్రశ్నను దాటవేయడమూ చరిత్ర కాదు. ప్రారంభోత్సవం ఆగస్టు 20న జరిగింది. తరతరాలుగా స్టీఫెన్ రాజు పండుగైన ఆ రోజును 1949లోనే రాజ్యాంగ దినంగా మార్చారు. పేరు మారిన రోజున కొత్త పేరు పెట్టారన్నమాట!

1954 మే 23న ఇక్కడే హంగరీ ఇంగ్లండును 7-1తో ఓడించింది. అంతకు ఆరు నెలల ముందు వెంబ్లీలో 6-3. ఆ జట్టు నాయకుడు పుష్కాష్ ఫెరెంత్స్. (హంగరీ వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు.) అయితే అది ఆయన పుట్టినప్పటి ఇంటిపేరు కాదు. జర్మన్ మూలపు పుర్త్సెల్ద్ అన్న పేరును కుటుంబం 1937లో మార్చుకుంది. ఆయన ఆడిన కిష్‌పెష్ట్ క్లబ్బు 1949లో సైన్యం చేతికి వెళ్ళి హోన్‌వేద్ అయింది. ఆటగాడికి సైనిక హోదా వచ్చింది. మనిషికీ, క్లబ్బుకీ, పండక్కీ పేర్లు మారుతున్న కాలమది.

1954 జూలైలో ప్రపంచకప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోగానే బుడాపెస్ట్ జనం వీధుల్లోకి వచ్చారు. ఆ కోపమంతా ఆట గురించేనని నేననుకోను. రెండేళ్ళకు 1956 తిరుగుబాటు. సోవియట్ టాంకులు వచ్చినప్పుడు హోన్‌వేద్ జట్టు విదేశంలో ఉంది. పుష్కాష్ తిరిగి రాలేదు. నిషేధం అనుభవించి, 1958లో రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. ఫ్రాంకో పాలించే స్పెయిన్‌కు వెళ్ళిన మనిషిని మనవాళ్ళు ద్రోహి అనడం తేలిక. ఆయన కాళ్ళు పనిచేసినంత కాలం ఆడగల చోటు వెతుక్కున్నాడని నాకనిపిస్తుంది. మళ్ళీ హంగరీలో అడుగుపెట్టింది 1981లో.

2002లో, ఆయన బతికుండగానే, స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ‘నేప్’ పోయింది. ఆయనకు ఆ గౌరవం తగినదే. పేచీ అది కాదు. కట్టిన చేతుల జాడ పేరులో మిగిలిన ఒక్క మాటను తీసేయకుండా ఆయనను గౌరవించే దారి లేకపోయిందా? ఆ జనం పార్టీ సొత్తనుకుని పార్టీతో పాటు పంపించేశారు. మొదట జనాన్ని సొంతం చేసుకున్న పార్టీదీ ఇందులో తప్పుంది.

పుష్కాష్ 2006లో చనిపోయాడు. పాత కట్టడాన్ని తర్వాత కూల్చేశారు. అదే స్థలంలో సుమారు 67,000 మంది పట్టే కొత్తది 2019 నవంబరు 15న తెరిచారు. దాని పేరు పుష్కాష్ అరేనా. అరేనా అంటే లాటిన్‌లో ఇసుక. రోమన్ బానిసలు పోరాడే బరిలో నెత్తురు పీల్చుకోవడానికి పరిచేది.