స్టూడియో దీపాల నుంచి సెల్‌ఫోను దాకా

ఉద్యోగరీత్యా తెనాలి, బాపట్ల, రేపల్లెలలో పనిచేసిన నాబోటివారికి ఫొటో అంటే స్టూడియోయే. పెన్షను కాగితాలకు దంపతుల జాయింటు ఫొటో కావాలన్నా అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఫొటోగ్రాఫరు దీపాలు సర్ది, లెన్సు ద్వారం ఎంత తెరవాలో, షట్టరు ఎంతసేపు తెరచి ఉంచాలో చూసుకునేవాడు. ఫిల్ముపై పడే వెలుతురుకు ఆయన కట్టే ఆ లెక్కే ఎక్స్‌పోజరు. తక్కువైతే ముఖం నల్లబడుతుంది, ఎక్కువైతే వెలిసిపోతుంది.

ఈ విద్యతో మన ప్రాంతానికీ సంబంధమున్నది. తెనాలికి చెందిన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి నిర్మించిన ‘మాయాబజార్’ 1957లో విడుదలైంది. అందులో రంగులు లేవు. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్‌ట్లేగారు వెలుగునీడలతోనే తెరమీద వెన్నెల కురిపించారు. 2010లో ఆ చిత్రానికి కంప్యూటరుతో రంగులద్దారు. రంగు తరువాత వేయవచ్చుగాని, ఆనాడు ఫిల్ముపై పడని వెలుతురును తరువాత తేలేము గదా!

ఫిల్ము స్థానంలోకి వచ్చిన సెన్సరుకు బీజం 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పడింది. బాయిల్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించిన సి.సి.డి.కి 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కోడక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాలో ఒక్క బొమ్మ క్యాసెట్టుపైకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది! 1976లో అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రంగుల పద్ధతికి పేటెంటు పొందారు. సెన్సరులోని ప్రతి నాలుగు గడులలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలం వడపోత ఉంటుంది.

గెయిన్ అనేది రేడియో వాల్యూము వంటిది. వెలుతురు చాలనప్పుడు వచ్చిన సంకేతాన్నే పెంచుతుంది. పాటతోపాటు గరగర పెరిగినట్లు, బొమ్మలో చుక్కలూ పెరుగుతాయి. ఇక వైట్ బ్యాలెన్స్ రంగులను సరిచేసేది. పసుపుపచ్చ బల్బు కింద కూడా తెల్లపంచె తెల్లగా కనిపించడం దాని చలవే.

ఇదంతా మనకెందుకంటారా? జీవన్ ప్రమాణ్ పేరిట డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరులో వచ్చింది. 2021లో ముఖం చూపి ఇచ్చే సౌకర్యం కూడా కల్పించారు. అరిగిన వేలిముద్రలవారికి ఇది పెద్ద ఊరట. అయితే ఇక్కడ పై సర్దుబాట్లన్నీ ఫోనే చేసుకుంటుంది. మన చేతిలో ఉన్నది వెలుతురొక్కటే. కిటికీ వీపు వెనుక ఉంటే ఫోను ఆ వెలుగునే లెక్కగట్టి ముఖాన్ని చీకటి చేస్తుంది. కనుక మిత్రులారా, పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చోండి. లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. ఆ తరువాతే మనవడి చేతికి ఫోను ఇవ్వండి.