తొలి సైకిల్ పందేలు: వెలివేతను దాటి తొక్కినవాళ్లు

1890లలో అమెరికా, యూరప్ జనాన్ని ఊపేసిన ఆట సైకిల్ పందెం. టైర్లలో గాలి నింపే పద్ధతి అప్పుడే వచ్చింది. రెండు చక్రాలూ సమానంగా ఉండే సైకిల్ అందరి చేతికీ వచ్చింది. చెక్కతో కట్టిన ట్రాకుల చుట్టూ వేలాది మంది టికెట్ కొని కూర్చునేవాళ్లు. ఆ ఆటలో పేదలు, వలస కూలీలు, నల్లజాతివాళ్లు ఉన్నారు. వాళ్లను బయటే ఉంచడానికి రాసుకున్న నిబంధనలూ ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి చదవాలన్నదే మా ఉద్దేశం.

ఒక్క మాట చేర్చిన నిబంధన

అప్పట్లో అమెరికాలో సైకిల్ తొక్కేవాళ్ల పెద్ద సంఘం లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్. మంచి రోడ్లు కావాలని పోరాడింది ఆ సంఘమే. పందేల మీద అజమాయిషీ కూడా దానిదే. 1894లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో సమావేశమై, సభ్యత్వ నిబంధనలో 'తెల్లజాతి' అనే ఒక్క మాట చేర్చింది. దాంతో నల్లజాతివాళ్లకు తలుపు మూసుకుంది. పందేల్లో పాల్గొనడాన్ని మాత్రం దేశమంతటా నిషేధించలేదు. అంటే నల్లజాతి ఆటగాడు టికెట్లు అమ్ముడయ్యేలా తొక్కవచ్చు కానీ సంఘంలో కూర్చోకూడదు. చెమటకు పనికొచ్చి, పంక్తికి పనికిరాకపోవడం ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

కిటీ నాక్స్

ఆ నిబంధనకు మొదట్లోనే ఎదురు నిలిచిన పేరు కిటీ నాక్స్. తండ్రి నల్లజాతి, తల్లి తెల్లజాతి. బోస్టన్ ప్రాంతంలో కుట్టుపని చేసుకుని బతికేది. తన సైకిల్ దుస్తులు తానే కుట్టుకునేది. ఆడవాళ్లు పొడవాటి లంగాలోనే సైకిల్ తొక్కాలనే రోజుల్లో ఆమె మగవాళ్లలా మోకాళ్ల వరకు ఉండే లాగు తొడిగింది. 1893లోనే సంఘంలో చేరింది. 1895లో న్యూజెర్సీలోని ఆస్‌బరీ పార్క్‌లో జరిగిన సంఘం మహాసభకు సభ్యత్వ కార్డుతో వెళ్లింది. ఆమె రాకే పత్రికల్లో వార్త అయింది. నిబంధన కంటే ముందే చేరినందువల్ల ఆమె సభ్యత్వం చెల్లుతుందని సంఘం ఒప్పుకోక తప్పలేదు. ఆమె 1900లో చిన్న వయసులోనే చనిపోయింది.

మేజర్ టేలర్

అసలు పేరు మార్షల్ వాల్టర్ టేలర్. 1878 నవంబర్ 26న ఇండియానాపోలిస్‌లో పుట్టాడు. తండ్రి ఒక తెల్ల కుటుంబం దగ్గర గుర్రపుబండి తోలేవాడు. మొదటి సైకిల్ టేలర్‌కు ఆ ఇంటి నుంచే వచ్చింది. తర్వాత ఒక సైకిల్ దుకాణం ముందు సైనికుడి దుస్తుల్లో విన్యాసాలు చేసి జనాన్ని ఆకట్టుకునేవాడు. 'మేజర్' అనే పేరు అక్కడే అంటుకుంది.

సొంత ఊరి ట్రాకుల్లో చోటు దొరక్క, లూయీ మంగర్ అనే మాజీ పందెగాడి వెంట మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కు వెళ్లాడు. 1896 డిసెంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల పందెంలో దిగాడు. రాత్రీ పగలూ ఒంటరిగా తొక్కాలి. ఎంత తక్కువ నిద్రపోతే అంత దూరం. 18 ఏళ్ల టేలర్ 1,732 మైళ్లు తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. మనుషులు నిద్రలేక పిచ్చివాళ్లైపోతున్నారన్న విమర్శ పెరగడంతో, ఒకే మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదని న్యూయార్క్‌లో చట్టం వచ్చింది. అందుకే ఇద్దరేసి జట్టుగా తొక్కే పందెం పుట్టింది. దాన్ని ఇప్పటికీ 'మాడిసన్' అంటారు.

ట్రాకు మీద తెల్ల పోటీదారులు ఏకమై టేలర్‌ను ముందు, వెనక, పక్కన చుట్టుముట్టి దారి మూసేవాళ్లు. అందుకే ఎక్కడ సందు దొరుకుతుందో చూసి మెరుపులా దూరిపోవడం, లేదా మొదటి నుంచీ ముందే ఉండిపోవడం అతని పద్ధతి అయింది. 1897లో మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో పందెం ముగిశాక ఓడిన పోటీదారు ఒకడు అతన్ని కిందపడేసి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు.

అయినా 1899లో మాంట్రియల్‌లో ఒక మైలు పందెంలో ప్రపంచ విజేత అయ్యాడు. ఏ ఆటలోనైనా ప్రపంచ విజేతలైన తొలి నల్లజాతివాళ్లలో బాక్సర్ జార్జ్ డిక్సన్ తర్వాతి పేరు అతనిదే. 1901లో పారిస్‌లో ఫ్రెంచ్ విజేత ఎడ్మండ్ జాక్లెన్‌తో మొదటి పోటీలో ఓడి, రెండో పోటీలో గెలిచాడు. భక్తుడు కావడంతో ఆదివారం పందేనికి దిగేవాడు కాదు. నిర్వాహకులే తేదీలు మార్చుకున్నారు.

చిమ్నీలు ఊడ్చిన విజేత

1903లో మొదటి టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మారిస్ గారిన్ ఇటలీ కొండప్రాంతం నుంచి ఫ్రాన్స్‌కు వలస వచ్చినవాడు. చిన్నప్పుడు చిమ్నీల్లో మసి ఊడ్చే పని చేశాడు. ఆరు దశల్లో 2,428 కిలోమీటర్ల ఆ పందేన్ని 60 మంది మొదలుపెడితే పూర్తి చేసింది 21 మందే. మరుసటి ఏడాదీ గారినే ముందొచ్చాడు కానీ, మోసాల ఆరోపణలతో మొదటి నలుగురినీ తొలగించి, 19 ఏళ్ల హెన్రీ కోర్నేను విజేతగా ప్రకటించారు. మసి పని చేసిన తెల్లవాడికి గెలుపు మెట్టు అయింది. నల్లవాడికి ప్రపంచ విజయం తర్వాత కూడా హోటళ్లలో గది దొరకలేదు. పేదరికమూ వెలివేతా ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే తేలికైన పోలిక లేదు.

అదే కాలంలో ఇక్కడ

టేలర్ తొక్కుతున్న రోజుల్లోనే పూణేలో దళిత బౌలర్ పల్వాంకర్ బాలూ హిందూ జట్టుకు వికెట్లు తీస్తున్నాడు. మైదానంలో అతని చేతి బంతి ముట్టుకున్నవాళ్లే, విరామంలో అతనికి బయట మట్టి ముంతలో టీ ఇచ్చేవాళ్లు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా కెప్టెన్సీ అతనికి దక్కలేదు. తమ్ముడు విఠల్ 1923లో ఆ జట్టు కెప్టెన్ అయ్యాడు. ఇక సైకిల్ సంగతికొస్తే, తెలంగాణలో దొర గడి ముందు దిగి, చెప్పులు విప్పి నడిపించుకుంటూ పోవాల్సిన రోజులు మన పెద్దవాళ్లకు తెలుసు.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

టేలర్ 1910లో ఆట మానేశాడు. సంపాదన కరిగిపోయింది. ఆత్మకథను సొంత ఖర్చుతో అచ్చేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. 1932 జూన్ 21న షికాగోలో ఒక ఆసుపత్రి ధర్మవార్డులో చనిపోతే, గుర్తు రాయి లేని సమాధిలో పూడ్చారు. 1948లో పాత పందెగాళ్లు చొరవ తీసుకుని, సైకిల్ తయారీదారు ఫ్రాంక్ ష్విన్ ఇచ్చిన డబ్బుతో మంచి చోటికి మార్చి ఫలకం పెట్టారు. ఇండియానాపోలిస్‌లో 1982లో అతని పేరున ట్రాకు వచ్చింది. వూస్టర్‌లో 2008లో స్మారకం వచ్చింది.

1894 నాటి నిబంధనను ఆ సంఘం వారసులు లాంఛనంగా రద్దు చేసింది 1999లో. ఆచరణలో ఎప్పుడో చచ్చిపోయిందని ఎవరూ పట్టించుకోలేదు. చేర్చడానికి ఒక్క సమావేశం పట్టింది, తీసేయడానికి 105 ఏళ్లు పట్టింది. మన క్రీడా సంఘాల్లో రాసి లేని నిబంధనలు ఎన్ని నడుస్తున్నాయో లెక్కపెట్టడానికి ఈ చరిత్ర పనికొస్తుందని మేం అనుకుంటున్నాం.