గంటకు ఎన్ని మిల్లీమీటర్లు

రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లకు కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో, గుండె రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు ఎక్కువన్నది ఈ పాతికేళ్లలో బయటపడ్డ కొత్త విషయమన్నట్టు చెబుతారు. లెక్కల మాటకొస్తే అది నిజమే. కానీ కీళ్లు వాచినవాళ్ల నెత్తురు గడ్డకట్టే తీరే వేరన్న గమనింపు రెండున్నర శతాబ్దాల నాటిది. మధ్యలో దాన్నెవరూ పోగొట్టుకోలేదు. రోజూ కొలుస్తూనే, ఆ కొలతను వేరే ప్రశ్నకు జవాబుగా చదువుతూ వచ్చారు. వేళ్లు వాచాయని మన ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొట్టమొదట రాసిచ్చే ఈఎస్ఆర్ పరీక్షే ఆ కొలత.

పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో జ్వరానికైనా కీళ్ల పోటుకైనా నరం కోసి నెత్తురు తీయడమే వైద్యం. గిన్నెలోకి పట్టిన నెత్తురు పేరుకునేసరికి, కీళ్లు వాచిన రోగులదైతే పైన పసుపు కలిసిన తెల్లటి పొర దళసరిగా, తోలులా తేలేది. ఇంకా నెత్తురు తీయాలా చాలా అన్నది ఆ పొరను చూసి తేల్చుకునేవారు. గడ్డకట్టే పదార్థం ఎర్రకణాల్లో లేదనీ వాటి మీద తేలే ద్రవంలోనే ఉందనీ లండన్‌లో విలియం హ్యూసన్ 1771లో అచ్చువేసిన పుస్తకంలో చూపించాడు. 1840లో పారిస్‌లో ఆంద్రాల్, గవారే అనే ఇద్దరు ఆ పదార్థాన్ని, అంటే ఫైబ్రిన్‌ను, తూకం వేశారు. ఆరోగ్యవంతుల నెత్తురులో అది వెయ్యికి 3 పాళ్ల దాకా ఉంటే, కీళ్ల జ్వరంతో ఉన్నవాళ్లలో అంతకు రెండు మూడు రెట్లు కూడా తేలింది. ఆ తర్వాత నెత్తురు తీసే వైద్యం పరువు పోయింది, పోవలసిందే. దానితోపాటు గిన్నెలో కనిపించినదాని మీద ఆసక్తి కూడా పోయింది. తప్పుడు వైద్యం చేసినవాడి కళ్లు కూడా తప్పే చూసుంటాయనుకోవడం వైద్యచరిత్రలో తరచూ జరిగే అన్యాయం.

ఇక్కడ ఒక అభ్యంతరం సబబైనదే. ఆంద్రాల్ చూసిన కీళ్ల జ్వరంలో ఎక్కువ భాగం ఇవాళ మనం రుమాటిక్ ఫీవర్ అనేది. రుమటాయిడ్ కీళ్లవాతం వేరే జబ్బు. దాన్ని విడిగా గుర్తించిన తొలి రచనల్లో ఒకటి లాంద్రే-బోవే 1800లో పారిస్‌లో రాసిన సిద్ధాంత వ్యాసం. సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో అతను వర్ణించిన తొమ్మిదిమంది రోగులూ ఆడవాళ్లే. ఇప్పుడున్న పేరు 1859లో గారడ్ పెట్టాడు. జబ్బులు వేరైనా నెత్తురులో జరిగేది ఒకటే: ఎక్కడ వాపు రగిలినా కాలేయం ఫైబ్రిన్‌కు ముడిసరుకైన ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. పైగా కీళ్ల జ్వరంలో అది కొన్ని వారాల ముచ్చట అయితే, రుమటాయిడ్‌లో ఏళ్ల తరబడి సాగుతుంది.

గిన్నె పోయి గొట్టం రావడానికి చాలా కాలం పట్టింది. ఎర్రకణాలు కిందికి దిగే వేగానికీ ఫైబ్రినోజెన్‌కూ ఉన్న సంబంధాన్ని పోలండ్ వైద్యుడు బియెర్నాట్‌స్కి 1897లోనే రాశాడు కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1918లో స్వీడన్‌లో రాబిన్ ఫోరియస్ గర్భిణుల నెత్తురులో కణాలు చకచకా దిగిపోవడం చూసి, గర్భం నిలిచిందో లేదో చెప్పే పరీక్ష దొరికిందని ఆశపడ్డాడు. 1921లో వెస్టర్‌గ్రెన్ క్షయ రోగులకు దీన్ని వాడుతూ ఇవాళ్టి పద్ధతిని ఖాయం చేశాడు. నాలుగు పాళ్ల నెత్తురుకు ఒక పాలు సిట్రేటు కలిపి, 200 మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి గొట్టంలోకి ఎక్కించి, స్టాండులో నిటారుగా నిలబెడతారు. గంట తర్వాత పైన ఎన్ని మిల్లీమీటర్ల మేర ఎరుపు వదిలిందో చూస్తారు. గొట్టం కాస్త వాలినా అంకె పెరిగిపోతుంది. ఎర్రకణాలు మామూలుగా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఫైబ్రినోజెన్ ఎక్కువైతే నాణేల దొంతరల్లా అతుక్కుని, ఆ బరువుకు తొందరగా దిగిపోతాయి. అంటే ఈఎస్ఆర్ ప్రధానంగా కొలిచేది గడ్డకట్టే ముడిసరుకునే.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఫోరియస్ గర్భిణులతో మొదలుపెట్టడం. కాన్పులో నెత్తురు ఆగాలి కనుక గర్భిణి నెత్తురు ముందే గడ్డకట్టడానికి సిద్ధమై ఉంటుంది. ఆ సిద్ధపాటుకు మరో ముఖం బాలింత కాలు వాపు, సిరలో గడ్డ. ఇది ప్రసూతి వైద్యులకు తరతరాలుగా తెలుసు. అదే గొట్టంలో అదే రకం అంకె కీళ్లవాతం ఉన్న ఆమెకు వచ్చినప్పుడు మాత్రం, మోకాళ్లు ఎంత మంట మీదున్నాయో చెప్పే సూచిక అనుకున్నారు. రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం తక్కువ, ఎందుకంటే ఆ ఇద్దరు ఆడవాళ్లు వెళ్లే విభాగాలు వేరు. అంకె చేతికొచ్చాక అదెందుకు పెరిగిందన్న ప్రశ్న కూడా వెనక్కి పోయింది. ఆస్పిరిన్ కూడా విషయాన్ని కొంత మరుగుపరిచిందనుకోవచ్చు. చెవుల్లో హోరు పుట్టేదాకా రోజుకు మూడు నాలుగు గ్రాములు ఇచ్చే ఆ రోజుల్లో, నొప్పికని వేసిన మందే ప్లేట్‌లెట్లను కూడా అడ్డుకుంటూ ఉండేది. ఇది నా ఊహే, కానీ కాలాలు సరిపోతున్నాయి.

లెక్కలు మెల్లగా వచ్చాయి. ఈ జబ్బు ఆయుష్షును తగ్గిస్తుందని 1953లో బోస్టన్ వైద్యులు 583 మంది రోగుల వివరాలతో చూపారు. 2003లో అమెరికా నర్సుల అధ్యయనం అసలు ప్రశ్న అడిగింది. 1,14,342 మంది స్త్రీలను 1976 నుంచి ఇరవై ఏళ్లు గమనిస్తే, కీళ్లవాతం ఉన్నవారిలో గుండెపోట్లు 2 రెట్లు, జబ్బు పదేళ్లు దాటినవారిలో 3 రెట్లు తేలాయి. సిరల సంగతి 2012లో స్వీడన్ ఆసుపత్రి రికార్డుల్లోంచి బయటపడింది. ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన తొలి ఏడాది ఊపిరితిత్తుల్లో గడ్డ పడే ముప్పు సుమారు 6 రెట్లు.

ఇదంతా మందుల పాపమేననీ మంచాన పడటం వల్లేననీ అనేవాళ్లున్నారు. 1999లో వచ్చి 2004లో వెనక్కి పోయిన వయాక్స్ అనే నొప్పిమాత్ర గుండెపోట్లు పెంచిన మాట నిజం, స్టెరాయిడ్లకూ కదలిక తగ్గడానికీ కూడా ఇందులో వాటా ఉంది. కానీ నర్సులను గమనించిన ఏళ్లు ఆ మాత్ర పుట్టక ముందువి. వాపును అణిచే మందు వాడితే ముప్పు తగ్గడం ఇంకా బలమైన ఆధారం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల వరసలోంచి వచ్చిన మెథోట్రెక్సేట్ వాడిన కీళ్లవాత రోగుల్లో గుండె, రక్తనాళాల మరణాలు 70 శాతం తక్కువని 2002లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. అది మందు ఎవరికిచ్చారో చూసి కట్టిన లెక్కే తప్ప చీటీ తీసి పంచిన ప్రయోగం కాదు. చీటీ తీసి పంచినప్పుడు, 2019లో అచ్చయిన ప్రయోగంలో, గుండెజబ్బు ఉండి కీళ్లవాతం లేనివారికి ఆ మందు ఏమీ మేలు చేయలేదు. దీన్ని నా వాదనకు ఎదురుగా చూపిస్తారు. నాకు అది అనుకూలంగానే కనిపిస్తుంది: వాళ్లలో అణచదగ్గ వాపు మొదటే తక్కువ, మందు వేసినా ఆ వాపు కొలతలు కదల్లేదు.

ఈఎస్ఆర్ 60 వచ్చిందని నెత్తురు పలచబరిచే మాత్రలు వేసుకోమని దీని అర్థం కాదు. వయసుకూ రక్తహీనతకూ కూడా ఆ అంకె పెరుగుతుంది. ఒక మనిషికి గడ్డ పడుతుందో లేదో అది చెప్పలేదు. ఐరోపా కీళ్ల వైద్యుల సంఘం 2010లో చేసిన సూచన ఇంతకన్నా నిదానమైనది: మామూలు పద్ధతిలో కట్టిన గుండెజబ్బు ముప్పు అంకెను, జబ్బు ముదిరిన కీళ్లవాత రోగులకు 1.5తో హెచ్చవేయమని. ఆ హెచ్చవేత గుండెకూ ధమనులకూ సంబంధించింది. పిక్కలో సిర వాచి వచ్చిన ఆమెకు అది వర్తించదు.