కదలని కొట్టు, కదలని చుక్క

ఇంగ్లీషులో స్టేషనరీలు రెండు. చివరి 'ఆర్'కి ముందు 'ఏ' ఉంటే కదలకుండా ఉన్నదని అర్థం. అక్కడే 'ఈ' పడితే కాగితాలు, కలాలు, కవర్లు. పలకడానికి రెండూ ఒకటే. ఎన్వలప్‌లో 'ఈ' ఉంది కాబట్టి కాగితాల స్టేషనరీకీ 'ఈ' అని మాస్టార్లు కొండగుర్తు చెప్పి ఊరుకుంటారు. అసలు ముచ్చట వాళ్లు చెప్పరు: కాగితాల కొట్టుకి ఆ పేరొచ్చిందే కొట్టువాడు కదలడు కాబట్టి!

లాటిన్‌లో 'స్టాటియో' అంటే నిలిచిన చోటు. మన స్థానం, స్థిరం కూడా ఆ కుదురువే. మధ్యయుగపు యూరప్‌లో చిల్లర వర్తకులు చాలామంది మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. విశ్వవిద్యాలయాల పక్కన పుస్తకాల వ్యాపారం చేసేవాళ్లు మాత్రం ఒకచోట కుదురుగా కొట్టు పెట్టుకున్నారు. బొలోన్యాలో, పారిస్‌లో వాళ్లని 'స్టేషనారియస్' అన్నారు.

ఆ కొట్లో బేరం ఎలా ఉండేదో చూడండి. అచ్చు లేని 13వ శతాబ్దం. పుస్తకం కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. అందుకని స్టేషనారియస్ ఒక సరిచూసిన మూలప్రతిని కుట్టకుండా, సాధారణంగా నాలుగేసి ఆకుల విడికట్టలుగా ఉంచేవాడు. ఒక్కో కట్ట పేరు 'పెసియా', అంటే ముక్క. విద్యార్థి ఒక ముక్క అద్దెకి తీసుకెళ్లి, నకలు రాసుకుని, తిరిగిచ్చి, తర్వాతి ముక్క తెచ్చుకునేవాడు. ఈలోగా మొదటి ముక్క ఇంకొకడి చేతిలో ఉండేది. అలా ఒకే పుస్తకాన్ని ఏకకాలంలో చాలామంది రాసుకునేవాళ్లు. ఏ ముక్క ఎక్కడ మొదలైందో మార్జిన్‌లో చిన్న 'పి' అక్షరం, పక్కన అంకె వేసుకునేవాళ్లు. ఆ గుర్తులు పాత ప్రతుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కావలసిన ముక్క వేరేవాళ్ల దగ్గర ఉండిపోతే, అంత చోటు ఖాళీగా వదిలి ముందుకెళ్లేవాళ్లు. తర్వాత ఆ ముక్క దొరికేది, రాత సరిపోయేది కాదు. అక్షరాలు ఇరుక్కునేవి, లేదా సగం పేజీ ఖాళీగా మిగిలేది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కోసి బైండు చేయించుకున్న మన అమ్మమ్మలకి, మధ్యలో ఒక వారం సంచిక దొరకనప్పుడు పడ్డ బాధ సరిగ్గా ఇదే.

ధర కొట్టువాడి ఇష్టం కాదు. పారిస్ విశ్వవిద్యాలయం 1275లోనే వీళ్లచేత ప్రమాణం చేయించింది. ఏ ముక్కకి ఎంత అద్దో కట్టడి చేసింది. పాఠంలో తప్పులుంటే పూచీ కూడా కొట్టువాడిదే. పుస్తకం అమ్మేవాడే అందులోని అక్షరానికి జవాబుదారీ! ఆ పద్ధతి పోవడం నాకు నిజంగానే లోటనిపిస్తుంది.

లండన్‌లో 1403లో లేఖకులు, బైండర్లు, పుస్తకాల వర్తకులు ఒక సంఘంగా కూడారు. స్టేషనర్స్ కంపెనీ అదే. 1557లో రాజశాసనం అందాక అచ్చు దాదాపుగా వాళ్ల గుత్తసొత్తయింది. పుస్తకం పేరు సంఘం రిజిస్టరులో రాయిస్తే హక్కు దఖలుపడేది. అయితే రాయించుకున్న వర్తకుడికే, రాసిన రచయితకి కాదు. 1602లో 'హామ్లెట్' ఆ రిజిస్టరుకెక్కింది జేమ్స్ రాబర్ట్స్ అనే ముద్రాపకుడి పేరున. రచయితకి హక్కు అంటూ చట్టంలో దొరకడానికి 1710 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ కంపెనీయే 1610లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీకి రిజిస్టరైన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి ఇస్తామని ఒప్పుకుంది. 1623 నాటి షేక్స్‌పియర్ తొలి సంపుటం అలాగే చేరింది. 1664లో కొత్త కూర్పు వచ్చేసరికి, పాతది ఎందుకని లైబ్రరీవాళ్లు వదిలించుకున్నారు. 1906లో చందాలెత్తి 3,000 పౌండ్లకి మళ్లీ కొనుక్కున్నారు! కొత్తది రాగానే పాతది తూకానికి వేసే గుణం మనకొక్కరికే ఉందనుకోనక్కర్లేదు.

ఆ తర్వాత స్టేషనర్ చిన్నబోయాడు. ప్రచురణ ఒకరు, పుస్తకాల అమ్మకం మరొకరు పట్టుకుపోయారు. అతనికి మిగిలింది తెల్లకాగితం, సిరా. ఆ సరుక్కి 'ఈ'తో రాసే పేరు స్థిరపడ్డది 18వ శతాబ్దంలో. 1786లో బ్రిటన్ సర్కారు ఏకంగా స్టేషనరీ ఆఫీసే తెరిచింది. మన ప్రభుత్వాల ముద్రణ, స్టేషనరీ శాఖల పేరు ఆ వరసదే.

'ఏ' స్టేషనరీ మాత్రం ముందునుంచీ ఆకాశంలో ఉంది. వక్రగతికి ముందు, తర్వాత గ్రహం కాసేపు ఆగినట్టు కనిపిస్తుంది కదా, ఆ స్థితికి తొలినాళ్లలోనే ఆ మాట వాడారు. ఇప్పుడు శ్రీహరికోట నుంచి వెళ్లే జీఎస్ఎల్‌వీ పేరులోని 'జీ' జియోసింక్రనస్‌కి సంకేతం గానీ, అది మోసుకెళ్లే సమాచార ఉపగ్రహాలు చివరికి చేరేది జియోస్టేషనరీ కక్ష్యకే. భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితోపాటే తిరుగుతూ, మనకి మాత్రం ఒకేచోట నిలబడ్డట్టుంటాయి.

ఇక కొట్టు బోర్డు రాయించుకునేవాళ్లకి ఒక్క మాట: ఇంగ్లీషులో 'ఏ' పడిందని ఎవరైనా నవ్వితే కంగారుపడకండి, మూలం ప్రకారం మీరేమీ తప్పు కాదు. అయినా నస ఎందుకనుకుంటే తెలుగులో రాయించండి. మన లిపిలో రెండిటికీ ఒకటే స్పెల్లింగు.