విదేశాల నుంచి నగదు బదిలీ: బీఐసీ, ఐఎఫ్‌ఎస్‌సీ సంకేతాల వినియోగం

గల్ఫ్ దేశాలలో ఉపాధి పొందుతున్న కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ తదితర ప్రాంతాల వారు పంపే సొమ్ము స్వగ్రామాలలోని అనేక కుటుంబాలకు జీవనాధారం. ఆ సొమ్ము సకాలంలో చేరాలంటే గ్రహీత బ్యాంకు సంకేతాన్ని సరిగా పేర్కొనవలసి ఉంటుంది. పొరపాటు జరిగితే చెల్లింపు ఆలస్యం కావచ్చు లేదా ఛార్జీలు పోను మిగిలిన మొత్తం వెనుకకు మళ్ళవచ్చు.

సంకేత నిర్మాణం

స్విఫ్ట్ కోడ్‌గా వ్యవహరించే బీఐసీకి ఐఎస్‌వో 9362 ప్రమాణం ఆధారం. 1973లో బెల్జియంలో ఏర్పాటైన స్విఫ్ట్ సహకార సంస్థ ఈ సంకేతాలను నమోదు చేస్తుంది. ఈ సంస్థ సొమ్మును తరలించదు. బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలను మాత్రమే చేరవేస్తుంది. బీఐసీలో 8 లేక 11 అక్షరాలుంటాయి. మొదటి 4 బ్యాంకును, తదుపరి 2 దేశాన్ని, ఆపై 2 ప్రాంతాన్ని, చివరి 3 శాఖను సూచిస్తాయి. ప్రత్యేక బీఐసీ లేని శాఖల ఖాతాదారులు ఏ సంకేతం ఇవ్వాలో తమ శాఖలోనే తెలుసుకోవాలి.

రెండింటికీ భేదం

ఐఎఫ్‌ఎస్‌సీలోనూ 11 స్థానాలుండటం, స్టేట్ బ్యాంకు వంటి వాటి విషయంలో రెండు సంకేతాల తొలి 4 అక్షరాలు ఒకటే కావడం గందరగోళానికి కారణం. ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదవ స్థానంలో సున్న ఉంటుంది. భారతీయ బ్యాంకుల బీఐసీలో అయిదు, ఆరు స్థానాలలో దేశాన్ని సూచించే ‘ఐ’, ‘ఎన్’ ఉంటాయి. విదేశీ బ్యాంకు నుంచి నేరుగా పంపేటప్పుడు బీఐసీ అవసరం. గల్ఫ్ ఎక్స్ఛేంజ్ కేంద్రాలు సాధారణంగా ఐఎఫ్‌ఎస్‌సీని కోరతాయి. భారతదేశంలో ఐబాన్ విధానం లేనందున ఖాతా సంఖ్యనే ఇవ్వాలి.

విలీనమైన బ్యాంకులు

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోను విలీనమయ్యాయి. పాత పాసు పుస్తకాలలోని సంకేతాలపై ఆధారపడక, ప్రస్తుత వివరాలను శాఖలో ధ్రువీకరించుకోవాలి.

సొమ్ము చేరని పక్షంలో

పంపినవారు తమ బ్యాంకు నుంచి లావాదేవీ సూచిక సంఖ్యను తీసుకొని, విచారణ కోరాలి. ఇక్కడి బ్యాంకు సేవలో లోపముంటే ముందుగా ఆ బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో సమాధానం రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొమ్ము అందుకోవడానికి పిన్ గాని, ఓటీపీ గాని ఎవరికీ తెలియజేయవలసిన అవసరం లేదు.